జినవల్లభుఁడు చూపిన త్రోవ: కురిక్యాల గ్రామయాత్ర

నన్నయభట్టునకుఁ బూర్వమునందలి తెలుఁగు పద్యములను బోధించునపుడు పండితులమైన మనము సాధారణముగా మూఁడు శాసనములను బేర్కొందుము. క్రీ.శ. 848 నాఁటి పండరంగని యద్దంకి శాసనమందలి తరువోజ మొదటిది. పదియవ శతాబ్ది పూర్వార్ధమునకుఁ జెందిన యుద్ధమల్లుని బెజవాడ శాసనమందలి మధ్యాక్కరలు రెండవవి. 945 ప్రాంతమున జినవల్లభుఁడు చెక్కించిన కురిక్యాల శాసనమందలి కందములు మూఁడవవి. వీని పేళ్లును, ఛందస్సులును, కాలములును చెప్పి, విద్యార్థులచేఁ గంఠస్థము చేయించి, మన పని ముగిసినదని తలంతుము. ముప్పదియేండ్లుగా నేను నట్లే చేసితిని. కురిక్యాల యెట్టి చోట నున్నదో, శాసనము గల ఱాయి యేదిక్కునకు మొగమై యున్నదో నేనెన్నఁడును విచారింపలేదు. గడచిన మాఘమాసమున నా గుట్టకు నడచి వెళ్లిన పిమ్మట, నేను జెప్పుచు వచ్చిన పాఠమున నొక పెద్ద తప్పున్నదని తెలిసినది. ఆ తప్పును బహిరంగముగా నొప్పుకొనుటకును, గ్రామచరిత్రమును నడచి చదువవలసిన విధమును మనవి చేయుటకును ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

కురిక్యాల కరీంనగరు జిల్లాలో గంగాధర మండలమునకుఁ జేరిన గ్రామము. కరీంనగరునుండి జగిత్యాలకుఁ బోవు బాటపై వచ్చును. దీనికి నైరృతి దిశయందు వేములవాడ యున్నది. రాష్ట్రకూటులకు సామంతులైన చాళుక్యులు కొందఱు వేములవాడ రాజధానిగా నీ ప్రాంతము నేలిరి. వారిలో రెండవ యరికేసరి పంపమహాకవికిఁ బోషకుఁడు. పంపఁడు క్రీ.శ. 941లో ఆదిపురాణమును ముగించి, పిదప నరికేసరి నర్జునునితో నభేదముగా వర్ణించుచు విక్రమార్జునవిజయమును రచించెను. ఆ పంపని తమ్ముఁడే జినవల్లభుఁడు. వీరి వంశము కమ్మనాటిలోని వంగిపఱ్ఱునకుఁ జెందినది. శ్రీవత్సగోత్రజులైన బ్రాహ్మణులు, తండ్రియగు భీమపయ్య జైనమును స్వీకరించెను. గుండ్లకమ్మ ప్రాంతపు కుటుంబమొకటి సబ్బినాటికి వచ్చి, అన్న కన్నడ కవులకు మూలపురుషుఁడు కాఁగాఁ, దమ్ముఁడు తెలుఁగు కందములకు మొదటి యాధారమగుట మన సాహిత్యచరిత్రమునఁ జిన్న విషయము గాదు.

మేమిద్దఱము పండితులమును, పైతరగతుల విద్యార్థులు కొందఱును ప్రాతఃకాలమున గ్రామముఁ జేరితిమి. మాకు మార్గము చూపుటకు ఆ యూరి కర్షకుఁడొకఁడు, డెబ్బదియేండ్లు దాఁటినవాఁడు, దయతో నంగీకరించెను. ఆయన శాసనమును జదువనేరఁడు. కాని పొలముల గట్లును, నీరు పాఱుదల యును, గుట్టపై నే బండ తరువాత నే బండ వచ్చునదియు నాయనకుఁ గరతలామలకము. నా చేత శాసనపాఠపుఁ బ్రతియొకటి యుండెను. ముందు ఆయన, వెనుక నేను, నావెనుక విద్యార్థులు. ఊరు దాఁటి చేలవెంట నడచి గుట్ట మొదటికిఁ జేరితిమి.

ఆ గుట్టకు బొమ్మలగుట్ట యనియు, బొమ్మలమ్మగుట్ట యనియు వ్యవహారము. బండమీఁద బండ పేర్చినట్లుండు ఱాతిగుట్ట. పైకెక్కి యొక మహాశిలయెదుట నిలిచినప్పుడు బొమ్మలు కానవచ్చినవి. ఎనిమిది చేతుల చక్రేశ్వరీదేవియును, జినమూర్తులును ఆ ఱాతిముఖముననే మలచఁబడి యున్నారు. బొమ్మల క్రింద శాసనము. లిపి యాకాలమునఁ దెలుఁగునకును గన్నడమునకును సమానమైనది. భాషలు మూఁడు: సంస్కృతము, కన్నడము, తెలుఁగు. తుదనున్న మూఁడు కందములు తెలుఁగువి. మా పెద్దాయన చేతులు జోడించి దేవికి మ్రొక్కెను. పిమ్మట నా వైపు తిరిగి "ఇగ సదువుండ్రి సారూ!" యనెను. నేను జదువ నారంభించితిని.

ఇచ్చట శాసనమందలి కన్నడ గద్యభాగపు తాత్పర్యమును జెప్పవలెను. దానిలో నొక త్రోవ యున్నది. సబ్బినాటి నట్టనడుమ ధర్మవురము గలదఁట. ఆ ధర్మవురమున కుత్తరదిగ్భాగమున వృషభగిరి యను ననాదిసిద్ధమైన తీర్థము గలదఁట. ఆ తీర్థమునకు దక్షిణదిశాభాగమున సిద్ధశిల గలదఁట. ఈ సిద్ధశిలయందు జినవల్లభుఁడు తన కులదైవములైన యాద్యంతజినుల బింబములను, చక్రేశ్వరిని, ఇతర జినప్రతిమలను మలపించెను. త్రిభువనతిలకమను బసదిని, కవితాగుణార్ణవమను చెఱువును, మదనవిలాసమను వనమును నిర్మింపఁజేసెను.

నాడునుండి యూరికి, ఊరినుండి గిరికి, గిరినుండి శిలకు: వాక్యము క్రమక్రమముగా నిఱుకుచు వచ్చినది. షష్ఠ్యంతములు మెట్లవలె నొకదానివెంట నొకటి నిలిచి మనలను నడిపించుచున్నవి. గ్రామమునకు వచ్చిన పరదేశికి త్రోవ చెప్పువాఁ డిట్లేగదా చెప్పును! వెయ్యేండ్లకుఁ బైఁబడిన కాలముక్రిందట నొక కవి తన నిర్మాణములను జూడవచ్చువారికై వ్రాసి పెట్టిన మార్గదర్శనమిది.

అంతకంటె ముఖ్యమైనది సిద్ధశిలకు ముందున్న "ఈ" యను చిన్నమాట. సంస్కృతమున ఇదంశబ్దము కన్నుల యెదుట సమీపముననున్న వస్తువును నిర్దేశించును. పరోక్షమైనదానికిఁ దచ్ఛబ్దము గలదు. కన్నడ శాసనమునఁ బ్రయోగించిన దర్శకపదమునకు నదియే న్యాయము. పుస్తకమునఁ జదువునపుడు "ఈ సిద్ధశిల" యన్నది వట్టి యక్షరము. చూపుటకు వస్తువు లేదు. ఆ ఱాతి యెదుట నిలిచినవానికే దాని యర్థము పూర్ణమగును. తామ్రశాసనము చేతులు మాఱవచ్చును. ఱాతికంబమును పెఱికి మఱియొకచోట నిలుపవచ్చును. పుట్టుఱాతిమీఁది వ్రాఁత కదలదు. కాఁబట్టి దానిలోని దిక్కులమాటలు నేఁటికిని సాక్ష్యము చెప్పఁగలవు.

ఆ సాక్ష్యమే నా తప్పును బట్టించినది. పంపఁడు తన భారతమున నరికేసరి తనకు ధర్మవురము నగ్రహారముగా నిచ్చెనని చెప్పుకొనెను. ఈ ధర్మవురము గోదావరీతీరమున నేఁడు జగిత్యాల జిల్లాలోనున్న ధర్మపురియేయని పలువురు వ్రాసిరి. నేనును అట్లే బోధించితిని. నరసింహక్షేత్రముగాఁ బ్రసిద్ధమైనది, శేషప్పకవి నరసింహశతకముచే నింటింటికిఁ దెలిసినది, పేరు సరిపోయినది. ఇంక సందేహమేల యనుకొంటిని.

నేను గద్యమునకు నర్థము చెప్పుచుండఁగా నొక విద్యార్థి యుదయసూర్యునివైపు మొగముంచి నిలిచి, ఎడమచేయి చాఁచి దిక్కులు లెక్కించుకొనుచుండెను. పిమ్మట నతఁడు పెద్దాయన నడిగెను: "తాతా, ధర్మపురి యెటువైపు?" ఆయన తడవుకొనక ఉత్తరమునకుఁ జేయి చూపి, "నర్సన్న కాడికా? గటు పోవాలె బిడ్డా, గోదారి గూడ గటే" యనెను. విద్యార్థి నావైపు తిరిగి, "పండితులుగారూ, గుట్ట ధర్మవురమునకు నుత్తరమున నున్నదని శాసనము చెప్పుచున్నది గదా! ధర్మపురియే గుట్ట కుత్తరమున నున్నదేమి?" యనెను.

నేను నిరుత్తరుఁడనైతిని. కురిక్యాలనుండి ధర్మపురికి బాటవెంటఁ జాల దూరము, అదియు నుత్తరముగా. ముప్పదియేండ్లు చేతిలోనున్న పాఠమున నీ విరోధము నా కంటఁబడలేదు. దిక్కు తెలియనివాని కెట్లు పడును?

ఇంటికి వచ్చి వ్యాకరణదృష్టితో మరల విమర్శించితిని. దిక్ఛబ్దముతోఁ గూడినపుడు పాణిని పంచమిని విధించెను. ఆ పంచమి యవధిని దెలుపును. దిగ్వాచకముపైఁ దస్ వంటి ప్రత్యయములు చేరినపుడు షష్ఠిని విధించెను. దిగ్వాచకము వస్తువులోని యొక భాగమును జెప్పునపుడును షష్ఠియే సాధువని, సూత్రకారుని ప్రయోగమునే జ్ఞాపకముగాఁ గొని, వైయాకరణులు నిర్ణయించిరి. దేహముయొక్క పూర్వభాగమన్నప్పుడు దేహమున కావలనున్నది కాదు, దేహములోని ముందుభాగమే యర్థము. శాసనమున ధర్మవురశబ్దము షష్ఠ్యంతము. దానిపై "ఉత్తరదిగ్భాగ" మను సమాసము. కనుక రెండర్థములకు నవకాశమున్నది. ధర్మవురము నవధిగాఁ గొని, దానికి వెలుపల నుత్తరమున వృషభగిరి యున్నదనుట యొకటి. ధర్మవురాగ్రహారపుఁ బొలిమేరలోపలనే, దాని యుత్తరభాగమున, వృషభగిరి యున్నదనుట రెండవది. సిద్ధశిలను తీర్థమునకు దక్షిణదిశాభాగమున నున్నదనుటలో రెండవవిధమైన యర్థమే సమంజసముగా నున్నది. శిల గుట్టలోని భాగమేగదా.

ఏ యర్థమును గ్రహించినను ఫలమొక్కటే. మొదటిపక్షమున ధర్మవురము గుట్టకు దక్షిణమున నుండవలెను. రెండవపక్షమున గుట్ట ధర్మవురసీమలో నుత్తరపుఁ గొనయై, ఊరు మరల దక్షిణముననే యుండవలెను. గోదావరీతీరపు ధర్మపురి యేపక్షమునను బొసఁగదు. మఱియు ధర్మవురము సబ్బినాటి నట్టనడుమ నున్నదని చెప్పఁబడినది. నదీతీరము నాటి కెల్లయగునేగాని నడుమ యగుట యరుదు. వృషభగిరి యుత్తరమున ధర్మపురికావల మఱియొకటి కావచ్చునందుమా, "ఈ సిద్ధశిల" యను మాట యడ్డుపడును. శిల యిక్కడనే యున్నది, దానిపైనే యా మాట యున్నది.

పేరు సరిపోయినదను వాదము గూడ బలహీనమే. సమాసమునఁ బకారము వకారమగుట మనకు గసడదవాదేశమువలనఁ బరిచితము. కాఁబట్టి ధర్మవురమునకు ధర్మపురము మూలమనుట యొప్పును. కాని పురము వేఱు, పురి వేఱు. ధర్మశబ్దముతో నగ్రహారములకుఁ బేళ్లు పెట్టుట దేశమంతటను సామాన్యము. నామసామ్యము విచారమున కారంభము కావచ్చును గాని నిర్ణయము కాదు. పంపని యగ్రహారమును గురిక్యాల గుట్టకు దక్షిణపుఁ బొలములలో వెదకవలెనుగాని గోదావరి యొడ్డునఁ గాదని నా యిప్పటి నిశ్చయము. ఇది ధర్మపురి మహిమకు లోపము కలిగించునది కాదు. ఆ క్షేత్రమున కితర గౌరవములు చాలఁగలవు.

గుట్టపై నిలిచి చదివినందున మఱికొన్ని పేళ్లును వెలుఁగులోనికి వచ్చినవి. ఆద్యంతజినులన వృషభుఁడును వర్ధమానుఁడును. చక్రేశ్వరి వృషభనాథుని యక్షి. గిరి పేరు వృషభగిరి. పంపని యాదిపురాణమునకు నాయకుఁడు వృషభనాథుఁడే. అన్న తాళపత్రమున వర్ణించిన దేవుని తమ్ముఁడు శిలపై నిలిపెను; ఇద్దఱును నొక్క కుటుంబపు భక్తినే యిరుదెఱఁగుల వెల్లడించిరి. ఇంక చెఱువు పేరు. కవితాగుణార్ణవుఁ డనునది పంపని బిరుదము. గుణార్ణవుఁడని యరికేసరికి బిరుదము గలదు. దానికిఁ గవితాశబ్దమును ముందు చేర్చి కవి తన్నుఁ బేర్కొనెను. అర్ణవమన సముద్రము. జినవల్లభుఁడు దానిని జలాశయమునకుఁ బెట్టుటచే, రాజునకుఁ గవికి రూపకముగా నున్నపదము నీటియందు వాచ్యార్థమును మరలఁ బొందినది. తమ్ముఁడు త్రవ్వించిన చెఱువున కన్న బిరుదము పేరగుట యెంత సొంపైన సోదరప్రేమ! జైనుఁడయ్యును వనమునకు మదనవిలాసమని పేరిడుట యతని రసికతను దెలుపుచున్నది.

ఇఁక తెలుఁగు కందములు. తాత్పర్యము స్వల్పము: జినభవనములెత్తించుట, జినపూజలు సేయుట, మునుల కన్నదానము చేయుట మున్నగు గుణములచే జినవల్లభునకు సాటి లేరని స్తుతి. విషయముకంటె నిర్మాణము విచారింపఁదగినది. అద్దంకి, బెజవాడ శాసనములందలి పద్యములు దేశిచ్ఛందస్సులు. కందము ప్రాకృతమార్గమున వచ్చిన మాత్రావృత్తము. తెలుఁగు కన్నడములు రెండును దానిని స్వీకరించినవి. రెండును ప్రాసను విధిగాఁ బాటించినవి. కాని యక్షరమైత్రీరూపమైన వళి తెలుఁగునకు నియతము, కన్నడమునకుఁ గాదు. ఈ ఱాతిమీఁది మొదటి రెండు తెలుఁగు కందములను బరీక్షించితిని. ప్రాస నకారము, నాలుగు పాదములందును నిలిచినది. రెండవ నాల్గవ పాదములలో వళి మన లక్షణకర్తలు చెప్పిన స్థానముననే పడినది. మొదటి కందమున రెండుపాదములందును ఆ వళిని "జిన" శబ్దపుఁ బునరుక్తియే నిర్వహించినది.

దీనివలనఁ దేలునది యేమి? ఒకేశాసనమునఁ గన్నడమును వ్రాయించినవాఁడు తెలుఁగు కందమును గన్నడపుఁ గొలతతో వదలిపెట్టలేదు. తెలుఁగు చెవి వళిని గోరునని యెఱిఁగి దానికిఁ దగినట్లు కూర్పించెను. నన్నయకు నూఱేండ్లు ముందే సబ్బినాటఁ దెలుఁగు కందమునకు నియమము స్థిరపడియున్నదనియు, దానిని విని మెచ్చఁగల శ్రోత లుండిరనియు నిది తెలుపుచున్నది. ఆ శ్రోతలు రాజసభలోనివారే కానక్కఱలేదు. గుట్టకుఁ దీర్థార్థమై నడచి వచ్చినవారు కావచ్చును. రాజధాని విడిచి గుట్టమీఁద మూఁడుభాషలఁ జెక్కించుట కది తక్క వేఱు ప్రయోజనము నాకుఁ దోఁపదు. పెద్దాయన రెండుమాఱులు మొదటి కందమును జదివించుకొని వినెను. "గిది మన తెలుఁగే గద!" యని నవ్వెను. ముప్పదియేండ్ల బోధనలో నే నెన్నఁడును బొందని సంతోష మప్పుడు పొందితిని.

ఒక్క విషయము మిగిలియున్నది. బసదికిఁ ద్రిభువనతిలకమనియు, గిరికి వృషభగిరియనియు, శిలకు సిద్ధశిల యనియుఁ గవి పెట్టిన పేళ్లు జనవ్యవహారమునఁ బోయినవి. జైనమత మా ప్రాంతమునఁ జాలవఱకు నడుగంటినది. కాని చక్రేశ్వరి బొమ్మలమ్మయై, అమ్మయై, నిలిచినది. పండితులు ఈ పేరును బామరుల భ్రాంతిగాఁ దలఁచి నవ్వుదురు. నాకట్లు తోఁపదు. పేరు మాఱినను మ్రొక్కు నిలిచినందుననే ఱాయి నిలిచినది. శాసనమును జదువలేనివారే శాసనమును గాపాడిరి.

నేఁడు కాపుదల యింక నవసరమైనది. కరీంనగరు ప్రాంతము గ్రానైటు ఱాతికిఁ బ్రసిద్ధము. గుట్టలను గోసి పలకలుగా విదేశములకుఁ బంపు వర్తకము పెద్దది. ఆ త్రవ్వకములవలన బొమ్మలగుట్టకు ముప్పు గలుగునను నాందోళన పత్రికలలోఁ బెక్కుసారులు వెలువడినది. 2008వ సంవత్సరమునఁ దెలుఁగునకుఁ బ్రాచీనభాషా ప్రతిపత్తి లభించినపుడు మనమీ కందముల ప్రాచీనతను జెప్పుకొని గర్వించితిమి. గర్వకారణమైన ఱాతిని గోల్పోయి, పుస్తకమునందలి యచ్చుమాత్రము మిగుల్చుకొందుమా? అచ్చునందు "ఈ" యను మాటకు నర్థముండదని ముందే మనవి చేసితిని. బొమ్మలున్న శిల నొక్కదానిని విడిచి చుట్టునున్న గుట్టను గోసినను నదియే నష్టము. దక్షిణదిశాభాగమను మాటకుఁ దీర్థమే లేకుండఁబోవును.

పాఠశాలలలోని సోదరపండితులకు నావిన్నప మిది. మీమీ గ్రామములకు సమీపమున శాసనమున్నచో, దాని పాఠమును జేతఁబట్టి విద్యార్థులతో నక్కడికి నడువుఁడు. గుడిపేరు, దేవునిపేరు చూచి మరలిపోక, శాసనమందలి యెల్లలను, దిక్కులను, చెఱువులను నేలపై నొక్కొక్కటిగా సరిచూడుఁడు. గ్రామవృద్ధు నొకని ముందు నడువనిండు. పొలముల పేళ్లను, కుంటల పేళ్లను, గుట్టల పేళ్లను ఆయన నోట విని, యాయన యుచ్చరించినట్లే వ్రాసికొనుఁడు. మన వ్యాకరణము పదమును సాధింపఁగలదు. పదార్థమును జూపువాఁడు గ్రామస్థుఁడే.

నా పాఠపుస్తకపుటంచున ధర్మవురమునకు నెదురుగా నేను వ్రాసికొనిన "గోదావరీతీరపు ధర్మపురి" యను మాటను గొట్టివేసితిని. దానిక్రింద "గుట్టకు దక్షిణమున" నని వ్రాసి, ఆ ప్రశ్న నడిగిన విద్యార్థిపేరును జేర్చితిని. ఈ యేఁటి తరగతికి నట్లే బోధించుచున్నాను.